గోదావరీ మండలమున వాల్వు మైకు సెట్టు

1923 డిసెంబరు చివర కాకినాడయందు మౌలానా మహమ్మదలీ అధ్యక్షతన కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, దేశపు నలుచెరగులనుండి విచ్చేసిన ప్రతినిధులును, లంకలనుండియు మెట్టనుండియు పడవలమీదను, రెండెడ్ల బండ్లమీదను, కాలినడకను తరలివచ్చిన జనసందోహమును ఆ పందిట కూర్చుండి వినగలిగినది, మానవకంఠము తన సహజబలముచేత ఎంతదూరము పోగలదో అంతమాత్రమే. ధ్వనివర్ధక యంత్రములు మన సభలలో ఇంకను వాడుకకు రాలేదు. ఆనాటి పెద్దసభలన్నిటను వేదిక దాపున నున్నవారు మాటలు వినెడివారు; వారి వెనుకవారు స్వరము వినెడివారు; ఆ వెనుకనున్నవారు వక్త చేతులాడించుటను మాత్రము చూచి, ముందువరుసలవారు చప్పట్లు చరచినప్పుడు తామును చరచెడివారు.

అట్టి కాలమున గొంతు ఒక ఆస్తి. జాతీయోద్యమమున 1922లో చెరసాలకేగిన దువ్వూరి సుబ్బమ్మగారు తూర్పుగోదావరి పల్లెలలో సభలు జరిపినది ఏ యంత్రసాహాయ్యమునను కాదు. హరిదాసు తెల్లవారువరకు కథ చెప్పినను, గ్రామసేవకుడు టాముకు వాయించి పన్నులగడువును చాటినను, నాటకమునందలి కృష్ణుడు రాయబార పద్యము పాడినను, ఊరి చివరి అరుగుమీది ముదుసలికి వినబడినదా లేదా యన్నదే వారి విద్యకు పరీక్ష. పాండవోద్యోగ విజయములను రచించిన తిరుపతి వేంకటకవులిద్దరును ఈ మండలమువారే. చెళ్ళపిళ్ళవారు కడియమున పుట్టినవారు, దివాకర్లవారిది యండగండి. వారి నాటకములను ఊరూర ఆడిన నటులు శ్రుతిని అంత హెచ్చుగా పెట్టుకొనుటకును, రాగాలాపన నంతగా సాగదీయుటకును సంగీతాభిమాన మొక్కటే హేతువు కాదు. హెచ్చుశ్రుతిలోని దీర్ఘస్వరము వేలకొలది జనుల సద్దును చీల్చుకొని పోవును. మంద్రస్వరము మొదటి చాపలయొద్దనే ఆగిపోవును. మన రంగస్థల పద్యగానము ఒక విధముగా విద్యుత్తులేని ధ్వనివర్ధనశాస్త్రమే యని నా నమ్మకము.

యంత్రముచేత శబ్దమును పెద్దదిచేయు ప్రయత్నము తెలుగువారికి వాల్వుకంటె ముందే పరిచయమైనది. మచిలీపట్టణమునకు చెందిన రఘుపతి వెంకయ్యగారు 1910లో క్రోనోమెగాఫోనను యంత్రమును గొప్ప వ్యయముతో తెప్పించి, ఊళ్ళవెంట త్రిప్పి, బొమ్మతోకూడ పాటను జనులకు వినిపించిరి. అందు ధ్వనిని పెంచినది విద్యుత్తుకాదు, బిగించి పట్టిన గాలి. ఫోనోగ్రాఫు సూది కదలికనుబట్టి తెరచుకొని మూసికొను కవాటముగుండ ఆ గాలి వెలువడి బాకాలో మ్రోగెడిది. ఆ పద్ధతి నిలువలేదు. నిలిచినది గాజుబుడ్డి.

1904లో ఇంగ్లాండున ఫ్లెమింగు రెండు ధ్రువముల వాల్వును నిర్మించెను. 1906లో అమెరికాయందు లీ డి ఫారెస్టు ఆ రెంటినడుమ మూడవ దానిని చేర్చెను. గాలి తీసివేసిన బుడ్డిలో వేడెక్కిన కేథోడునుండి ఎలెక్ట్రానులు వెలువడి, వందలకొలది వోల్టుల ధనవిద్యుత్తు గల ప్లేటువైపు పరుగెత్తును. దారిలో అడ్డముగా చుట్టిన సన్నని తీగయే గ్రిడ్డు. దవళేశ్వరపు కాలువల తూముమరను ఒక్క మనిషి చేత్తో త్రిప్పి కాలువ ప్రవాహమంతటిని హెచ్చించుటయో తగ్గించుటయో చేయునట్లు, మైకునుండి వచ్చిన అత్యల్పమైన విద్యుత్కంపము గ్రిడ్డుమీద నిలిచి, ప్లేటునకు పోవు మహాప్రవాహమును తనవలెనే కంపింపజేయును. ఆ పెరిగిన కంపమును ట్రాన్స్‌ఫార్మరుద్వారా స్పీకరునకు పంపినచో మనిషి మాట పదింతలు, నూరింతలు అగును. 1915లో అమెరికాయందు జెన్‌సెను, ప్రిడ్‌హాము అనువారు బహిరంగస్థలమున ధ్వనివర్ధకమును ప్రదర్శించిరి. మన దేశమున బొంబాయిలోని చికాగో రేడియో సంస్థకు చెందిన నానిక్ మోత్వానీగారు 1930ల ఆరంభమునుండి కాంగ్రెసు సభలకు లౌడ్‌స్పీకర్లను అమర్చుటతో మైకు స్వాతంత్ర్యోద్యమపు పరికరములలో నొకటియైనది. కాకినాడలో మాట వినబడక తిరిగిపోయిన తరమువారే, మరి పదేండ్లకు మైకు లేనిదే సభ కాదనుకొను స్థితికి వచ్చిరి.

గోదావరి ప్రాంతమున వాల్వు ఆంప్లిఫయరును నిత్యము చేతపట్టిన మొదటివారు సినిమాహాళ్ళ వారని నా తలంపు. 1932లో మొదటి తెలుగు టాకీ వెలువడినది. 1936లో నిడమర్తి సూరయ్యగారు రాజమహేంద్రవరమున దుర్గా సినీటోను నెలకొల్పిరి. ఆంధ్రదేశమున అదియే తొలి స్టూడియో. టాకీ వచ్చినపిమ్మట ప్రతి హాలునకును ఒక ఆంప్లిఫయరును, దానిని కాచుకొని కూర్చుండు మనుష్యుడొకడును అవసరమైరి. ఆట నడుమ శబ్దమాగినచో జనులు ఊరకుండరు. కావున ఆ మనుష్యుడు ఏ పాఠశాలయు చెప్పని విద్యను, వాల్వు రంగునుబట్టియు, బల్లమీద చెయ్యి ఆనించినప్పటి గుర్రుమను మ్రోతనుబట్టియు నేర్చుకొనవలసివచ్చెను.

పల్లెల సంగతి వేరు. రాజమహేంద్రవరమున విద్యుత్తును సరఫరాచేసినది ఒక ప్రైవేటు కంపెనీ. మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు 1955లో వచ్చినపిమ్మటగాని తీరాంధ్రపు పల్లెలకు కరెంటుతీగ చేరువకాలేదు. అంతవరకు మైకు సెట్టు బ్యాటరీమీద నడచెను. మోటారుకారు బ్యాటరీనుండి వచ్చు ఆరో పన్నెండో వోల్టులు వాల్వు ప్లేటునకు చాలవు గనుక, వైబ్రేటరను చిన్న డబ్బాలోని రేకునాలుక సెకండునకు నూరుమార్లకుపైగా అటునిటు కొట్టుకొనుచు ఆ విద్యుత్తును ముక్కలుచేయగా, ట్రాన్స్‌ఫార్మరు దానిని రెండు మూడు వందల వోల్టులకు పెంచెడిది. ఆ రేకు నిరంతరము గుంయిమనుచుండును. పాట ఆగినప్పుడెల్ల ఆ చప్పుడు వినబడును. దానిని విని మైకు పనిచేయుచున్నదని జనులు నిశ్చయించుకొనెడివారు.

బ్యాటరీ బరువు, ఆంప్లిఫయరు బరువు, బాకాల బరువు: వీనినన్నిటిని కోనసీమకు చేర్చుట సామాన్యమైన పనికాదు. ఆనాడు రైలు లేదు, గౌతమిని దాటుటకు వంతెన లేదు; కోటిపల్లి రేవున పంటుమీద ఎక్కించి ముక్తేశ్వరమున దింపి, అక్కడనుండి కాలువగట్టు వెంబడి సైకిలు కెరియరుమీదనో బండిమీదనో కొనిపోవలసివచ్చెడిది. మైకు సెట్టును అద్దెకిచ్చు వ్యాపారము ఈ మండలమున పెట్రోమాక్సు దీపములను, పందిరిగుడ్డలను, కుర్చీలను అద్దెకిచ్చు వ్యాపారముతో కలిసి పెరుగుటకు ఇదియే హేతువు. దీపములకు వచ్చిన బండియే మైకును మోసికొని వచ్చెను.

ఊరిలోనికి సెట్టు వచ్చిన దినపు సంరంభము ఎరిగినవారు ఇప్పటికిని కలరు. శ్రీరామనవమి పందిటకో, పెండ్లికో, సంక్రాంతి నాటకమునకో పిలిపింపబడిన ఆపరేటరు మొదట బాకా నెక్కించుటకు చెట్టును చూచుకొనును. ఎత్తైన కొబ్బరిచెట్టున కొకడెక్కి, నడుమునకు కట్టుకొని పోయిన త్రాటితో ఆ అల్యూమినియపు బాకాను పైకిలాగి, పొలములవైపు ఒకటి, ప్రక్కయూరివైపు ఒకటి త్రిప్పి కట్టును. ప్రక్కయూరివైపు బాకా తప్పనిసరి. మన పెండ్లి వారికి వినబడకపోవుట పెండ్లికొడుకు తండ్రికి తలవంపు. తీగ ఎంత పొడవైనను ధ్వని క్షీణింపకుండుటకు ఆంప్లిఫయరునుండి నూరు వోల్టుల లైను బయలుదేరును. ప్రతి బాకా మెడలోను ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరు ఆ వోల్టేజిని మరల తగ్గించి స్పీకరున కందించును. అటుపిమ్మట డెబ్బదియెనిమిది చుట్ల రికార్డు తిరుగును. ఘంటసాలవారి గొంతును తెలుగుపల్లె మొదట వినినది ఇంటి రేడియోలో కాదు, చెట్టుమీది బాకాలో. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న ఆరంభమైనదిగాని, ఇంటింట రేడియో వచ్చుట కింకను చాల ఏండ్లు పట్టెను.

ఈ బాకా గుణము నొకదానిని విస్తరించి చెప్పవలసియున్నది. లోపలికి మడిచిన గొట్టముగల ఆ పరికరము మంద్రధ్వనులను దాదాపు పలుకదు. మిక్కిలి సూక్ష్మమైన పైధ్వనులనును పలుకదు. మనిషి మాటయొక్క స్పష్టత ఏ నడిమి స్థాయియందుండునో ఆ భాగమునే పట్టి, అరమైలు దూరము విసరును. మృదంగపు తొప్పి నాదము అందు లుప్తమగును. వేణువు, హార్మోనియము, పురుషుని హెచ్చుశ్రుతి గొంతు, బుర్రకథలోని వంతపాట నిలుచును. కనుక మైకు వచ్చినందున పద్యనాటకము నశించునని భయపడినవారి భయము నిజము కాలేదు. పూర్వము జనసమ్మర్దమును చీల్చుటకై నటులు సాధనచేసిన స్వరమే బాకాకును సరిపోయినది. మారినది నిలుచుండు తీరు. రంగస్థలము ముందంచున వ్రేలాడు మైకుయొద్దకు పాత్రలన్నియు వచ్చి పద్యమెత్తుకొనుట ఆచారమైనది. కృష్ణుడు అర్జునునితో మాటలాడుచు అర్జునునివైపు చూడక మైకువైపు చూచుట మొదలైనది. అభినయమునకు అది నష్టమే. వన్సుమోరు అడిగినంతనే నటుడు మరల మైకు ముందునకు వచ్చి రాగమును రెట్టింపుచేసి పాడెడివాడు, పొలములో కాపున్న రైతు సయితము వినెడివాడు. ఏది లాభమో ఏది నష్టమో తూచుట కష్టము. వినినవారి సంఖ్యను లెక్కించినచో నేను మైకు పక్షముననే నిలుతును.

పాశ్చాత్యదేశములలో ఇదే యంత్రము మరియొక మార్గమున పోయెను. 1936లో అమెరికాలో వెలువడిన 6ఎల్6 అను వాల్వును, తరువాత ఐరోపాలో పుట్టిన ఇ.ఎల్.34ను మన మైకు సెట్లలోను వాడిరి, వారి గిటారు ఆంప్లిఫయర్లలోను వాడిరి. ఫెండరు, మార్షలు పేరుగల పెట్టెలు విప్పినను, ఢిల్లీలోని ఆహూజా సంస్థ పెట్టె విప్పినను, రాజమహేంద్రవరపు మెకానికు రేకు కోసి, రంధ్రములు పెట్టి, చేతితో కూర్చిన పెట్టె విప్పినను, సూత్రమొక్కటే. వాల్వును దాని శక్తికి మించి తోలినప్పుడు నాదపు అంచులు విరిగి గరగర పుట్టును. అక్కడ గిటారు వాద్యకులు ఆ గరగరనే కోరి, దానినొక అలంకారముగా పెంచుకొనిరి. ఇక్కడ ఎన్నికల ప్రచారములో వాల్యూము మరను చివరివరకు త్రిప్పినవారికి అది కోరకయే లభించినది. తరువాతి కాలమున పెండ్లి ఆర్కెస్ట్రాల గిటారును సయితము ఆ మైకు ఆంప్లిఫయరునకే తగిలించిరి. 1961నుండి బెంగళూరులోని భారత్ ఎలక్ట్రానిక్సు సంస్థ వాల్వులను తయారుచేయుటతో దిగుమతికై ఎదురుచూచుట కొంత తగ్గినది. ఆపైని ట్రాన్సిస్టరు వచ్చెను. తేలికగా నుండి, బ్యాటరీమీదనే నేరుగా పనిచేయుచు, వేడెక్కువరకు నిరీక్షింపనవసరములేని ఆ సెట్లముందు వాల్వు నిలువలేక, క్రమముగా గుడుల అటుకలమీదికిని, దుకాణముల వెనుకగదులలోనికిని చేరినది.

అటుకమీది సెట్టునకు శత్రువులు పెక్కురు. మొదటిది ఇచ్చటి గాలిలోని తేమ. క్రిస్టలు మైకులోను, గ్రామఫోను పికప్పులోను ఉండునది రోషెలు లవణపు స్ఫటికము. అది తేమకు కరగును, మన వేసవి ఎండకు చెడును. కావున పాత క్రిస్టలు మైకు తిరిగి పలుకుట చాల అరుదు. రెండవది వరద. 1953 వరదను ముసలివారెరుగుదురు. 1986 ఆగస్టులో దవళేశ్వరముయొద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పారినప్పుడు మునిగిన ఇండ్లలోని సామానుతోబాటు ట్రాన్స్‌ఫార్మర్ల చుట్లలోనికిని బురద చొచ్చెను.

నేను దగ్గరనుండి చూచిన సెట్టొకటి కోనసీమలోని ఒక రామాలయముది. ఆకుపచ్చరంగు పూసిన ఇనుపరేకు పెట్టె, మూతకు గాలిరంధ్రములు, ముందుపలకమీద ఇంగ్లీషు అక్షరములు చెరిగిపోగా, వాని స్థానమున ఎవరో తెలుపురంగుతో 'మైకు', 'ప్లేటు' అని తెలుగున వ్రాసియుండిరి. క్రిందిభాగమును విప్పగానే కుమ్మరిపురుగు కట్టిన మట్టిగూడొకటి వాల్వు సాకెట్టును కప్పివేసి కనబడినది. గుడ్డతొడుగు తీగలను ఎలుకలు కొరికినవి. ఫ్యూజుండవలసినచోట రాగితీగ పోగులు నాలుగైదు పెనవేసి బిగించియున్నవి. ఒక రెసిస్టరు కాలిపోగా, అంతటి విలువగలది దొరకక, రెండింటిని జతచేసి టంకము పెట్టిన అతుకు ఎంత నున్నగా, ఎంత పొందికగా ఉన్నదనగా, దానిని పెట్టిన చేయి తొందరలో నున్న చేయి కాదని చూడగనే తెలిసినది.

ఇట్టి సెట్టును చూడగనే ప్లగ్గు పెట్టుట దానిని చంపుటయే. హెచ్.టి. (హై టెన్షను) విద్యుత్తును నిలుపు ఎలెక్ట్రోలిటిక్ కండెన్సర్లలో అల్యూమినియపు రేకుమీద ఏర్పడియుండు సన్నని ఆక్సైడు పొర ఏండ్లతరబడి విద్యుత్తు లేనందున పలుచబడియుండును; ఒక్కసారిగా నాలుగువందల వోల్టులు తగిలినచో అది కారి, వేడెక్కి, పగులును; దానితోకూడ మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరును కాలిపోవచ్చును. కావున తెలిసిన మెకానికు మొదట వాల్వులన్నియు ఊడదీసి, ఏ సాకెట్టునుండి ఏది తీసెనో కాగితముమీద వ్రాసికొని, ట్రాన్స్‌ఫార్మర్ల చుట్లు తెగలేదనియు రేకును తాకలేదనియు మీటరుతో చూచుకొనును. తేమపట్టిన ట్రాన్స్‌ఫార్మరును బల్బు వెలిగించిన పెట్టెలో దినములకొలది ఆరబెట్టును. ఆపైని సీరీసు బల్బుగుండ కరెంటునిచ్చును. బల్బు ఒక్కమారు మెరసి మసకబారినచో నిశ్చింత. తెల్లగా వెలుగుచునే యున్నచో లోపల షార్టున్నట్లే. డిమ్మర్‌స్టాటు గలవారు వోల్టేజిని గంటలకొలది మెల్లమెల్లగా పెంచి, కండెన్సరు పొరను మరల దిట్టపరచెదరు. అందుకును లొంగనివానిని మార్పక తప్పదు.

గ్రిడ్డు మొదట నుండు కప్లింగు కండెన్సరును మాత్రము సందేహింపక మార్చవలసినదే. అది కొంచెము కారినను, ముందు వాల్వు ప్లేటుమీది ధనవిద్యుత్తు ఇ.ఎల్.34 గ్రిడ్డుమీదికి ప్రాకి, తూమునకు అదుపుతప్పి, ప్లేటు ఎఱ్ఱగా కాగి, కొన్ని నిమిషములలో వాల్వు నశించును. స్పీకరుగాని, దానికి బదులు బరువైన రెసిస్టరుగాని తగిలింపక ఆంప్లిఫయరును పలికించుట మరియొక ప్రమాదము. పోవు దారిలేని శక్తి అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు చుట్లలోనే నిప్పురవ్వగా మారును. స్విచ్చి కట్టినపిమ్మటను కండెన్సర్లలో ప్రాణము తీయగల విద్యుత్తు నిలిచియుండును. రెసిస్టరుద్వారా దానిని కార్చివేయక చేయిపెట్టరాదు.

ఇట్లు బాగుచేయించుటలో నాకొక పట్టుదల కలదు. పాశ్చాత్యులలో పాత గిటారు ఆంప్లిఫయరును ఉద్ధరించువారు అది కర్మాగారమునుండి వెలువడిననాటి రూపమునకు కొనిపోవుటయే ధర్మముగా పెట్టుకొందురు. ఆనాటి కండెన్సరు, ఆనాటి స్క్రూ, ఆనాటి గుడ్డ వెదకి తెత్తురు. మన సెట్టుకు ఆ ధర్మము వర్తింపదు. కొనిన యేటినుండియే దానిని మార్చిరి. దొరకిన వాల్వునకు తగినట్లు సాకెట్టు మార్చిరి, వైబ్రేటరు పెట్టె తీసి మెయిన్సు ట్రాన్స్‌ఫార్మరు పెట్టిరి, ఎక్కువ బాకాలు పలుకుటకు మరి రెండు వాల్వులు చేర్చిరి. కర్మాగారపు రూపము దాని జీవితమున మొదటి పుట మాత్రమే. తక్కిన పుటలు ఆ అతుకులు. ఆ జంట రెసిస్టరు పనిచేయుచున్నచో దానిని తీసివేయుట చరిత్రను చెరుపుట. రాగిపోగుల ఫ్యూజును భద్రతకై తీసివేయవలసినదేగాని, పారవేయక, కాగితమున చుట్టి పెట్టెలోపలనే ఉంచవలెను. ఎండిన కండెన్సరు డబ్బాను పైన అట్లే నిలిపి, దాని మాటున క్రొత్తదానిని కట్టుట మేలు. ఆ రామాలయపు సెట్టుమీది తెలుగక్షరములమీద క్రొత్తరంగు వేయింతుమని ఉత్సాహపడిన యువకులకు నేను ఈ మాటయే విన్నవించితిని, వారు మన్నించిరి.

వాల్వులకు కొరతలేదు. రష్యా, స్లొవేకియా, చైనా దేశములలో ఇ.ఎల్.34ను, 6ఎల్6ను ఇప్పటికిని తయారుచేయుచున్నారు. కొనువారు ప్రధానముగా గిటారు వాద్యకులు. వారి గరగరమీది ప్రీతియే మన పద్యపు బాకాకు ఆయువు పోయుచున్నదన్నమాట. దొరకనిది మరియొకటి. ఈ సెట్లను చెట్లకెక్కించి, పంటులు దాటించి, రాత్రియంతయు వాల్వుల వెలుగులో మేలుకొని కూర్చున్న ఆపరేటర్లలో మిగిలినవారు వృద్ధులు. ఏ ఊరి అతుకు ఎవరు పెట్టినదో చూడగనే చెప్పగలవారు వారొక్కరే. గుడి ధర్మకర్తలును, అద్దెదుకాణముల వారసులును సెట్టును పాతయినుము క్రింద తూకమునకు వేయుటకుముందు అట్టివారి నొకరిని పిలిపించి, మూత విప్పి చూపి, వారు చెప్పిన పేర్లను, ఊళ్ళను, ఏండ్లను ఒక కాగితమున వ్రాయించి ఆ మూత లోపలివైపున అంటింపవలెనని ప్రార్థించుచున్నాను.